మేయరుపై ఆరోపణ, ముగ్గురు న్యాయాధిపతులు

న్యూఢిల్లీ: రాజధానిలోని పత్రికా విలేఖరులకు పురపాలక సంఘాలపై మక్కువ తక్కువ. పార్లమెంటుకూ సచివాలయానికీ మధ్య తిరుగాడే మా వంటివారి చెవిన మేయరు అనే మాట ఏడాదికి ఒకటి రెండుసార్లు పడుతుంది, అదీ ఢిల్లీ కార్పొరేషను సభలో సభ్యులు కలియబడినప్పుడు. 2024 ఫిబ్రవరిలో చండీగఢ్ మేయరు ఎన్నిక మొదటి పేజీకెక్కిందంటే అందుకు చండీగఢ్ పౌరుల కష్టసుఖాలు కారణం కావు. ఎనిమిది ఓటు పత్రాలను ఎన్నికల అధికారి తానే పాడు చేయడం కెమెరా కంటికి చిక్కింది. సుప్రీంకోర్టు ఆ ఫలితాన్ని తలక్రిందులు చేసి, ఓడినాడనిపించుకున్న అభ్యర్థినే మేయరుగా ప్రకటించింది. ఆ నాటకం లేకుంటే ఆ ఎన్నిక లోపలి పేజీలో నాలుగు పంక్తులతో సరి.

ఇటువంటి అరుదైన సందర్భం అంతకు ఏడాది ముందు మరొకటి వచ్చింది. అది తెలుగువారికి సంబంధించినది. 2023 మార్చిలో అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలికి తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి అధ్యక్షురాలుగా ఎన్నికైనారు. (ఆ ఊరికి 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురమని పేరు మార్చింది. అలవాటైన పేరుతోనే పిలుస్తున్నందుకు పాఠకులు మన్నింతురు గాక.) మండలిలో వార్డులు 24. 2022 మార్చి ఎన్నికలలో కాంగ్రెసుకు 11, భారతీయ జనతా పార్టీకి 10, తెలుగుదేశానికి 2 స్థానాలు లభించగా, స్వతంత్ర అభ్యర్థి ఒకరు గెలిచారు. ఎవరికీ ఆధిక్యం లేని ఆ సభలో ఇద్దరే సభ్యులున్న పక్షానికి అధ్యక్షపదవి దక్కిందంటే అది భాజపా చలవ. ఆ పార్టీకి నాడు జాతీయాధ్యక్షుడుగా ఉన్న జె.పి. నడ్డా సామాజిక మాధ్యమంలో రెండు పక్షాల కూటమినీ అభినందించారు.

ఆ ఒక్క అభినందనతో ఢిల్లీలోని తెలుగు విలేఖరులకు చేతినిండా పని దొరికింది. 2018లో తెగిన బంధం తిరిగి అతుకుతున్నదా, నడ్డా మాటలు యాదృచ్ఛికమా, సంకేతమా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలకు ఇది నాందీ ప్రస్తావన కాదా అని పుంఖానుపుంఖంగా వ్యాఖ్యలు వెలువడినవి. 2024 మార్చిలో తెలుగుదేశం జాతీయ ప్రజాస్వామ్య కూటమిలో చేరడంతో ఆ జోస్యం ఫలించినట్లే అయింది. జోస్యం చెప్పినవారిని తప్పుపట్టవలసిన పని లేదు. చెప్పని విషయమేమిటన్నదే ప్రశ్న.

పోర్ట్ బ్లెయిర్‌లో డెలానీపూర్ అనే పేట ఒకటి ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. అంటే బెంగాలీ, హిందీ, తమిళ భాషల తరువాత స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి పొట్ట చేతబట్టుకుని ఓడెక్కినవారూ, వారి బిడ్డలూ, మనుమలూ వీరిలో అధికం. వీరికి శాసనసభ లేదు. లోక్‌సభలో దీవులన్నిటికీ కలిపి ఒక్కరే ప్రతినిధి. లెఫ్టినెంటు గవర్నరును పంపేది ఢిల్లీ. ఆఖరుకు వారి పురపాలక చట్టం కూడా 1994లో రాష్ట్రపతి పేర ఇక్కడినుంచి జారీ అయిన నిబంధనావళియే. ఇట్టి స్థితిలో డెలానీపూర్ నివాసి గుమ్మం దిగి వెళ్లి నిలదీయగల ప్రజాప్రతినిధి వార్డు సభ్యుడొక్కడే. ధనిఖరి జలాశయంలో నీరు అడుగంటినప్పుడు కుళాయి ఎన్నాళ్లకొకసారి వస్తుందన్నది అతనికి పొత్తులకంటె పెద్ద ప్రశ్న. తమ ఊరి మండలికి తెలుగు పార్టీ అధ్యక్షురాలు వచ్చారని ఢిల్లీ పత్రికలు వ్రాసినప్పుడు, ఆమె చేతిలోని అధికారమెంత, నిధులెన్ని, గుత్తపనులు ఎవరు పొందుతున్నారు అన్న సమాచారం డెలానీపూర్ పాఠకుడికి ఆ వ్రాతలలో దొరకలేదు.

సెల్విగారిపై అవినీతి ఆరోపణ ఏదో ఉన్నదని ఈ ప్రస్తావనకు అర్థం కాదు. నా అభిప్రాయం వేరు. ఊరి పెద్దను మన పత్రికలు ఆ ఊరికి పెద్దగా చూడవు. పై రాజకీయాలకు నీడగా చూస్తాయి. పొత్తు వార్తలో ఈ దృష్టిదోషం వలన కలిగే హాని స్వల్పం. అదే దోషం అవినీతి ఆరోపణ దగ్గరకు వచ్చినప్పుడు హాని స్వల్పం కాదు. 2024, 2025 సంవత్సరాలలో కడప నగరంలో జరిగింది ఇదే.

కడప కథ

కడప నగరపాలక సంస్థలో డివిజన్లు 50. 2021 మార్చి ఎన్నికలలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు 48 గెలుచుకున్నది. తెలుగుదేశానికి దక్కింది ఒక్కటి. అంతకు ముందు 2014 నుంచి ఒక పర్యాయం మేయరుగా పనిచేసిన కె. సురేశ్‌బాబు రెండవసారి ఆ పీఠం ఎక్కారు. ప్రతిపక్షమే లేని సభ. జగన్మోహనరెడ్డి సొంత జిల్లా. రాష్ట్రంలో ప్రభుత్వం తమదే. మేయరుకు ఇంతకంటె నిశ్చింత మరొకటి ఉండబోదు.

2024లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. కడప శాసనసభ స్థానంలో అప్పటి ఉపముఖ్యమంత్రి అంజాద్ బాషాను ఓడించి తెలుగుదేశం అభ్యర్థిని ఆర్. మాధవి గెలిచారు. శాసనసభ్యురాలు పదవి రీత్యా నగరపాలక సభలో సభ్యురాలు కూడా. ఒకే సభలో రెండు అధికార కేంద్రాలు ఏర్పడినవి. ఒకటి పాత ఓటుది, రెండవది కొత్త ఓటుది.

మొదటి ఘర్షణ చెత్తతో మొదలయింది. గత ప్రభుత్వ కాలంలో వేసిన చెత్త పన్ను ఊరూరా జనానికి ఎంత కంటగింపుగా ఉండెనో చెప్పనక్కరలేదు. పన్ను కట్టకున్నా చెత్త ఎత్తి తీరవలెనని శాసనసభ్యురాలు పట్టుబట్టారు. 2024 ఆగస్టులో మేయరు ఇంటి ముందు చెత్త పోశారు. పత్రికలకూ టెలివిజనుకూ ఇది పసందైన దృశ్యం అయింది. ఆ నవంబరులో సర్వసభ్య సమావేశం జరిగింది. వేదికపై తనకు కుర్చీ వేయలేదని శాసనసభ్యురాలు కూర్చోకుండా నిలబడి నిరసన తెలిపారు. డిసెంబరులో మరల అదే వివాదం. కడప నగరంలో కుర్చీలకు కరవు వచ్చిందా అని రాష్ట్రమంతటా నవ్వుకున్నారు. కుర్చీ ఎక్కడ వేయవలెనన్న దానిపై రెండు పక్షాలవారూ చట్టంలోని సెక్షన్లు ఉదహరించారు.

ఆ తరువాత వచ్చింది అసలు ఆరోపణ. మేయరు కుటుంబ సభ్యులకు చెందినదిగా చెప్పబడిన వర్ధిని కన్‌స్ట్రక్షన్స్ అనే సంస్థకు నగరపాలక సంస్థ పనులు దక్కినవన్నది దాని సారాంశం. శాసనసభ్యురాలు ఫిర్యాదు చేశారు. విజిలెన్స్ విచారణ జరిగింది. సంజాయిషీ నోటీసు వెళ్లింది. 2025 మే నెలలో ప్రభుత్వం సురేశ్‌బాబును అనర్హుడుగా ప్రకటించింది. ఇది రాజకీయ కక్ష తప్ప మరొకటి కాదని ఆయన పక్షం వాదించింది. తన వాదన సరిగా వినలేదన్న ఫిర్యాదుతో వ్యవహారం హైకోర్టు గడప తొక్కింది. అదే సంవత్సరంలో ప్రభుత్వం రెండవమారు తొలగింపు ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో మేయరు స్థానానికి ఎన్నిక జరుగగా వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకే చెందిన పాకా సురేశ్ ఎన్నికైనారు. వ్యక్తి మారారు, పార్టీ మారలేదు. ఇంత పోరాటం జరిగిన తరువాత ఆ పాలకవర్గానికి మిగిలిన కాలపరిమితి 2026 మార్చి వరకే.

సభ్యుడికి సంస్థ గుత్తపనులలో స్వప్రయోజనం ఉండరాదన్న నిబంధన కొత్తది కాదు. హైదరాబాదు నగరపాలక చట్టం 1955లో పుట్టిననాటినుంచీ ఉన్నది. దాని తర్కం సులభమైనది. ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి ఒకే ఇంటివి కారాదు. కనుక కడప ఆరోపణ తేలికైనది కాదు. అది నిజమైతే పదవి పోవలసిందే. నిజమా కాదా తేల్చడానికి కావలసిన ప్రశ్నలు మాత్రం నాలుగైదే. ఆ సంస్థలో వాటాదారులెవరు? ఏయే తేదీలలో ఏయే పనులు పొందినది? టెండర్లు పిలిచారా, నామినేషను మీద ఇచ్చారా? ఎందరు పోటీ పడ్డారు? బిల్లుపై సంతకం ఎవరిది? ఇవన్నీ కాగితం మీద ఉండే విషయాలు. కుర్చీ వివాదానికి దొరికినంత చోటు ఈ ప్రశ్నలకు దొరికి ఉంటే కడప పౌరుడు ఏ పక్షం మాటా నమ్మనక్కరలేకుండా తానే ఒక నిర్ణయానికి వచ్చి ఉండేవాడు.

"పలువురు అభిప్రాయపడుతున్నారు"

తెలుగునాట మేయరుపై ఆరోపణ వచ్చినప్పుడు ముగ్గురు న్యాయాధిపతులు తీర్పు చెబుతారు. పత్రిక ఒకటి, ప్రభుత్వం రెండు, పౌరుడు మూడు. మొదటి తీర్పు మర్నాడు ఉదయమే వస్తుంది. రెండవది ఆరు నెలలకు వస్తుంది. మూడవ న్యాయాధిపతికి వాయిదా ఐదేళ్లు.

మొదటివారి సంగతి చూద్దాము. మన పత్రికలూ టెలివిజను సంస్థలూ రెండు పార్టీల రంగులు పులుముకున్నవన్న విషయం పాఠకులకు తెలియనిది కాదు. పాఠకులే వాటిని రంగుల పేర్లతో పిలుస్తున్నారు. కొన్ని సంస్థల యాజమాన్యమే రాజకీయ కుటుంబాల చేతిలో ఉన్నది. ఇంకొన్నిటికి యాజమాన్యం వేరైనా మొగ్గు దాగదు. ఇట్టి స్థితిలో మేయరుపై ఆరోపణ ఒక పత్రికలో రుజువైన నేరంగా, పక్క పత్రికలో పన్నిన కుట్రగా అచ్చవుతుంది. ఈ రెండింటినీ కొని చదివే ఓపిక గల పాఠకుడికి సైతం గుత్తపని విలువ తెలియదు. మేయరు ఎవరి మనిషో, ఫిర్యాదు చేసినవారు ఎవరి మనుషులో మాత్రం క్షుణ్ణంగా తెలుస్తుంది.

ఇక ప్రజాభిప్రాయం. ఈ మాట మన వార్తలలో ఎట్లా తయారవుతుందో వృత్తిలో ఉన్నవాడిగా చెప్పగలను. "పలువురు అభిప్రాయపడుతున్నారు," "పట్టణ ప్రజలు ముక్కున వేలేసుకుంటున్నారు," "సర్వత్రా చర్చనీయాంశమైనది" అనే మూడు వాక్యాలు తెలుగు విలేఖరి సంచిలో ఎల్లప్పుడూ ఉంటాయి. ఆ పలువురు ఎందరు, ఏ వీధివారు అని సంపాదకుడు అడగడు. అడిగితే ఆ పలువురిలో బస్టాండు దగ్గర టీ కొట్టు యజమానీ, ప్రెస్ క్లబ్బులో తోటి విలేఖరీ, ఫిర్యాదు పత్రం తెచ్చి ఇచ్చిన కార్యకర్తా తేలుతారు. ఒక్కొక్కప్పుడు ఆ పలువురూ విలేఖరి ఒక్కడే.

జిల్లా అనుబంధాల పద్ధతి ఈ విషయంలో మేలూ చేసింది, కీడూ చేసింది. 1989లో ఈనాడు జిల్లాకొక చిన్న పత్రికను ప్రధాన పత్రికతో కలిపి ఇవ్వడం ప్రారంభించింది. తక్కినవారు అదే బాట పట్టారు. అంతకుముందు అచ్చులో చోటు దొరకని మురుగుకాలువకూ, వీధి దీపానికీ, వార్డు సభ్యుడికీ అప్పటినుంచి రోజూ చోటు దొరుకుతున్నది. ఇది సామాన్యమైన మార్పు కాదు. అయితే కడప మురుగుకాలువ కడప అనుబంధం దాటి రాదు. కర్నూలు పాఠకుడికి దానితో పరిచయం ఉండదు. కడప వార్త ప్రధాన పత్రికకు ఎక్కవలెనంటే అందులో జగన్మోహనరెడ్డి పేరో చంద్రబాబునాయుడు పేరో తగలవలె. గుత్తపని జిల్లా పేజీలో ఉండిపోతుంది. కుర్చీ రాష్ట్ర పేజీకి వెళుతుంది. డెలానీపూర్‌లో ఫోనులో తెలుగు వార్తలు చదివే పాఠకుడి వరకు చేరేది ఆ కుర్చీయే.

తెలుగు పత్రికకు ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని ప్రారంభించినప్పుడు రాజమహేంద్రవరంలోని అధికారుల లంచగొండితనాన్ని బట్టబయలు చేయడం దాని ప్రధాన కార్యక్రమాలలో ఒకటి. పార్టీలు లేని కాలమది. ఆయన దాడి చేసినది తన ఊరివారిపై, ఎదురుపడితే నమస్కరించవలసిన వారిపై. పత్రిక చదివేదీ ఆ ఊరివారే కనుక తప్పు వ్రాస్తే సాయంత్రానికే గుమ్మంలోకి వచ్చి అడుగుతారు. ఆ భయం పత్రికకు మంచిది. అమరావతిలోనో హైదరాబాదులోనో పార్టీ గెలవడానికి పనికివచ్చే వార్తకు కడప వీధిలో సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేదు.

ఉత్తర్వు వ్రాసే చేయి

రెండవ న్యాయాధిపతి రాష్ట్ర ప్రభుత్వం. ఈ విషయంపై ఢిల్లీలోని సుప్రీంకోర్టు పలుమార్లు మాట్లాడింది. మాట్లాడిన ప్రతిసారీ దాదాపు ఒకే మాట చెప్పింది.

2001లో పంజాబులోని రాజ్‌పురా పురపాలక అధ్యక్షుడు త్రిలోచన్ దేవ్ శర్మ వ్యాజ్యం వచ్చింది. ఏదో ఒక్క చర్యను పట్టుకుని అధికార దుర్వినియోగమని ముద్రవేసి ఎన్నికైన వ్యక్తిని తొలగించరాదని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2012లో మహారాష్ట్రలోని ఉరణ్ పురపాలక అధ్యక్షుడు రవి యశ్వంత్ భోయిర్ వ్యాజ్యంలో ఇంకా స్పష్టంగా చెప్పింది. ఎన్నికైనవాడిని దించడమంటే అతనొక్కడినే శిక్షించడం కాదు, ఓటు వేసినవారి హక్కునూ హరించడమే అవుతుంది. కనుక నోటీసు, విచారణ, కారణాలు అన్నీ చట్టప్రకారం ఉండి తీరవలె. 2024 మేలో మహారాష్ట్రకే చెందిన కొందరు కౌన్సిలర్లపై మంత్రి విధించిన అనర్హతను రద్దు చేస్తూ కోర్టు మంత్రిగారి తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఈ మూడు తీర్పులలో సాధారణాంశం ఒకటి ఉన్నది. అన్నిచోట్లా తొలగింపబడినవారి స్థానిక బలం వేరు, తొలగించిన ప్రభుత్వంలోని బలం వేరు. మంత్రి చేతిలో ఉత్తర్వు వ్రాసే అధికారం ఉన్నంతకాలం అవినీతి ఆరోపణ అన్నది దర్యాప్తుకు ఆరంభం కాకుండా పోరాటానికి ఆయుధం అవుతుంది. ఈ మాట ఏ ఒక్క పార్టీని ఉద్దేశించి అనడం లేదు. కడపలో 2014 నుంచి 2019 వరకు, 2021 నుంచి 2024 వరకు అదే మేయరు ఉన్నారు. అందులో చివరి మూడేళ్లూ రాష్ట్రంలో ఆయన పార్టీ ప్రభుత్వమే నడిచింది. ఆ కాలంలో ఆ ప్రభుత్వానికి తమ మేయరు గుత్తపనుల పుస్తకం తెరిచి చూడవలెనని తోచలేదు. కొత్త ప్రభుత్వానికి ఏడాది తిరగకముందే తోచింది. పుస్తకంలో ఏమున్నదన్నది అటుంచి, దానిని ఎప్పుడు తెరుస్తారన్నది మాత్రం రాష్ట్ర ఎన్నికల పంచాంగాన్ని బట్టి నిర్ణయమవుతున్నది.

విశాఖపట్నంలో 2025 ఏప్రిల్‌లో జరిగిన దానిని దీనితో పోల్చి చూడవచ్చును. అక్కడ మేయరు గొలగాని హరి వెంకట కుమారిపై అవిశ్వాస తీర్మానం పెట్టి 74 ఓట్లతో నెగ్గించుకున్నారు. సభ్యుల శిబిరాలు, విమాన ప్రయాణాలు, పార్టీ మార్పిడులు అన్నీ నడిచినవి. చూడముచ్చటైన దృశ్యం కాదు. అయినా అక్కడ మేయరును దించినది ఎన్నికైన సభ. ఎవరు ఎటు వేశారో జనానికి తెలుసు. ప్రభుత్వ ఉత్తర్వుకు ఆ గుణం లేదు. నా వరకు అడిగితే, ఆ రెండింటిలో విశాఖ మార్గమే కొంత నయమంటాను.

మూడవవాడి వంతు

రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్‌లో అమలులోకి వచ్చినప్పుడు ఢిల్లీలో పెద్ద ఆశలే పెట్టుకున్నారు. పురపాలక సంఘానికి ఐదేళ్ల ఆయుర్దాయం, రిజర్వేషన్లు, ఆర్థిక సంఘం అన్నీ రాజ్యాంగంలో చేరినవి. మేయరును ఎట్లా ఎన్నుకోవలె, ఎట్లా దించవలె అన్న విషయాన్ని మాత్రం రాష్ట్రాలకు వదిలివేశారు. ఢిల్లీలో, చండీగఢ్‌లో మేయరు పదవి ఏడాది ముచ్చట. ఉత్తరప్రదేశ్‌లో జనమే నేరుగా ఎన్నుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ప్రత్యక్ష ఎన్నికలు జరిగినవి. 2002లో హైదరాబాదు మేయరు తీగల కృష్ణారెడ్డి కూడా ప్రత్యక్షంగా ఎన్నికైనవారే. తరువాత ఆ పద్ధతి పోయింది. నేడు కడప పౌరుడు వేసేది కార్పొరేటరుకు ఓటు. మేయరును తెచ్చేది పార్టీ. మేయరు తప్పు చేశాడని పౌరుడు నమ్మినా, చేయలేదని నమ్మినా ఆ నమ్మకాన్ని వినియోగించే మార్గం అతని చేతిలో లేదు.

3 లక్షలకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండవలెనని అదే సవరణ చెప్పింది. కడప జనాభా 2011 నాటికే 3 లక్షల 40 వేలు దాటింది. వీధిలో వేసిన రోడ్డు ఎవరు వేశారు, ఎంతకు వేశారు అని నెలకొకసారి అడిగే చోటు అది. దేశంలో అనేక నగరాలలో ఆ కమిటీలు కాగితం మీదనే ఉన్నవి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. పది రూపాయల రుసుముతో ఏ పౌరుడైనా, ఏ విలేఖరియైనా గుత్తపనుల జాబితా అడిగి తీసుకోవచ్చును. మన వార్తలలో "సమాచార హక్కు చట్టం క్రింద లభించిన పత్రాల ప్రకారం" అన్న వాక్యం ఎన్నిసార్లు కనబడుతుందో, "విశ్వసనీయ వర్గాల భోగట్టా" అన్నది ఎన్నిసార్లు కనబడుతుందో పాఠకులే లెక్కించవచ్చును.

బయటి ప్రపంచంలో 2025 సంవత్సరం ఈ విషయమై రెండు ఉదాహరణలు చూపింది. న్యూయార్కు మేయరు ఎరిక్ ఆడమ్స్‌పై 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ న్యాయవాదులు లంచం ఆరోపణలు మోపారు. వాషింగ్టనులో ప్రభుత్వం మారగానే ఆ అభియోగాలు ఉపసంహరించుకొమ్మని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ పని చేయలేమని అక్కడి ప్రాసిక్యూటర్లు కొందరు రాజీనామా చేశారు. 2025 ఏప్రిల్‌లో న్యాయమూర్తి కేసు కొట్టివేశారు. కేసు పోయినా మాట మిగిలింది. అభిప్రాయ సేకరణలలో అప్పటికే క్రుంగిపోయిన ఆడమ్స్ ఆ సెప్టెంబరులో పోటీనుంచి తప్పుకున్నారు. పై ప్రభుత్వం విడిచిపెట్టినవాడిని ఊరు విడిచిపెట్టలేదు.

టర్కీలో జరిగింది దీనికి సరిగ్గా విపర్యయం. ఇస్తాంబుల్ మేయరు ఎక్రెమ్ ఇమామొగ్లూను 2025 మార్చిలో అవినీతి ఆరోపణలపై నిర్బంధించి జైలుకు పంపారు. అధ్యక్షుడు ఎర్దొగాన్‌కు ఎదురు నిలువగల అభ్యర్థి ఆయనే అన్నది లోకవిదితం. ఆయన జైలుకు వెళ్లిన రోజే ఆయన పార్టీ నిర్వహించిన అభ్యర్థి ఎంపికలో పార్టీకి చెందనివారినీ ఓటు వేయనివ్వగా, కోటిన్నర మంది వేశారని ఆ పార్టీ ప్రకటించింది. అంతకుముందు 2019లో ఆయన దాదాపు 13 వేల ఓట్లతో గెలిస్తే ఎన్నిక రద్దు చేశారు. రెండవసారి 8 లక్షల పైచిలుకు ఆధిక్యంతో గెలిపించారు. పై ప్రభుత్వం పట్టుకున్నవాడిని ఊరు భుజాన వేసుకున్నది.

ఈ రెండు ఊళ్లలో ఎవరు నిర్దోషి, ఎవరు దోషి అని నేను నిర్ణయించబోవడం లేదు. ఆ రెండుచోట్లా మూడవ న్యాయాధిపతి నోరు విప్పినాడు. న్యూయార్కులో నెలనెలా జరిగే అభిప్రాయ సేకరణలు అతని నోరు. ఇస్తాంబుల్‌లో ఓటుపెట్టె, వీధి రెండూ అతని నోరు. కడపలో అభిప్రాయ సేకరణ లేదు. మేయరుకు ప్రత్యక్ష ఎన్నిక లేదు. ఇంటి ముందు పోసిన చెత్త ఉన్నది, అదికూడా ఒక పార్టీవారి చెత్త.

అండమాన్ దీవులకు తిరిగి వత్తాము. అక్కడ దైనిక వార్తలను దశాబ్దాలుగా ప్రభుత్వ యంత్రాంగమే డైలీ టెలిగ్రామ్స్ అనే పత్రికగా అచ్చువేస్తున్నది. ప్రైవేటు పత్రికలు ఉన్నవిగాని చిన్నవి. 2025 జూలైలో అక్కడి రాష్ట్ర సహకార బ్యాంకు రుణాల వ్యవహారంలో మాజీ పార్లమెంటు సభ్యుడు కుల్దీప్ రాయ్ శర్మను స్థానిక పోలీసులు అరెస్టు చేశారు. ఆ నెలాఖరున ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు దీవులలో తొలిసారిగా సోదాలు జరిపింది. బోగస్ సంస్థల పేర వందల కోట్ల రూపాయల రుణాలు తీసుకున్నారన్నది ఆరోపణ. ఢిల్లీలో ఆ వార్త డైరెక్టరేటు ప్రకటనగా వచ్చి, డైరెక్టరేటు ప్రకటనగానే అచ్చయింది. కాంగ్రెసు మాజీ సభ్యుడన్న మాట శీర్షికలో చేరింది. ఆ బ్యాంకులో దాచుకున్నవారిలో చిన్న దుకాణదారులూ, ఉద్యోగులూ, జాలరులూ ఉంటారు. వారిలో తెలుగువారూ ఉంటారు. మా డిపాజిట్ల సంగతేమిటని వారడిగే ప్రశ్నకు ఆ వార్తలలో జవాబు వెదకడం వృథా.

పోర్ట్ బ్లెయిర్ మండలికి 2022 మార్చిలో ఎన్నిక జరిగింది కనుక తరువాతి ఎన్నిక 2027లో రావలె. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఏర్పడిన పాలకవర్గాల గడువు అంతకు ఒక ఏడాది ముందటిది. ఆ ఎన్నికలలో డెలానీపూర్ ఓటరుకూ కడప ఓటరుకూ పార్టీ గుర్తులు చూపే పత్రికలు కావలసినన్ని ఉంటాయి. గత ఐదేళ్లలో తమ వార్డులో జరిగిన గుత్తపనుల జాబితాను, గుత్తదారు పేరుతో, బిల్లు మొత్తంతో, ఒక పేజీలో అచ్చువేసే పత్రిక ఏదైనా ముందుకు వస్తే ఆ పేజీని తెప్పించుకుని ఈ శీర్షికలోనే పరిచయం చేయగలను.